సేటు 30 వేలు ఇస్తానంటున్నాడు, సంతకం పెట్టాలా?

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ దగ్గర ఒక ఊరు. మా ఆయనకు 40 ఏళ్లు. 16 ఏళ్లుగా వరంగల్‌లో ఒక సామిల్లులో కోత పని చేస్తున్నాడు. అక్కడ మొత్తం ఆరుగురు పనిచేస్తారు. రోజుకు 700 కూలి. 2025 ఆగస్టులో సర్క్యులర్ మిషన్ మీద చెక్క కోస్తుంటే ఎడమచేతి చూపుడు వేలు మొత్తం పోయింది. మధ్య వేలు గోరున్న కణుపు దాకా పోయింది. దవాఖాన బిల్లు సేటే కట్టాడు. ఇప్పుడు ఇంకో 30 వేలు ఇస్తా, ఇకమీదట ఏమీ అడగనని బాండ్ పేపర్ మీద సంతకం పెట్టు అంటున్నాడు. మా ఆయనేమో "పరధ్యానంగా ఉన్నది నేనే, తప్పు నాదే, సేటును ఏమని అడుగుతాం" అంటాడు. రెండేళ్ల నుంచి దగ్గు కూడా ఉంది. రాత్రయితే ఛాతీలో పిల్లికూతలు. వేళ్లు పోయి రెండు నెలలు ఇంట్లో ఉన్నప్పుడు దగ్గు లేదు. మళ్లీ పనికి పోయిన వారానికే మొదలైంది. చెయ్యి కుదురుకునే దాకా మా బాబును తోడు పంపమని కూడా సేటు అడుగుతున్నాడు. వాడికి 16 నిండాయి, ఇంటర్ ఫస్టియర్. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. కేసులంటే భయం. ఏం చెయ్యమంటారు?
– పేరు రాయవద్దన్న ఒక చెల్లెలు

జవాబు:

చెల్లెమ్మా,

సంతకం వద్దు. సేటు తొందరపెట్టినా, నలుగురు పెద్దమనుషులను కూర్చోబెట్టినా వద్దు. "ఇంట్లో మాట్లాడుకొని చెప్తా" అని మాత్రం అనమనండి మీ ఆయన్ని. ఎందుకు వద్దో లెక్కతో సహా చెప్తాను. కానీ అంతకన్నా ముందు ఆయన అన్న "తప్పు నాదే" గురించి మాట్లాడాలి. ఆ మాట ఆయన గుండెలో ఉన్నంతకాలం మీరు ఎన్ని లెక్కలు చూపించినా చెయ్యి ముందుకు రాదు.

ఆ మాట నేను మా ఇంట్లో విన్నాను. మా బాపు వడ్రంగి. నా చిన్నప్పుడు ఒక టింబర్ డిపో వెనక రేకుల షెడ్డులో రందా మిషన్ మీద పనిచేసేవాడు. ఒకరోజు ఉంగరపు వేలి కొన పోయింది. చేతికి తువ్వాల చుట్టుకొని, సైకిల్ నడిపించుకుంటూ ఇంటికొచ్చాడు. అమ్మ ఏడుస్తుంటే "నేనే చూసుకోలే" అన్నాడు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అదే మిషన్ మీద చేశాడు. ఆ మిషన్‌కు మూత ఎన్నడూ లేదు. బాపు చూసుకోలేదన్న మాటే ఇంటిల్లిపాదీ నమ్మాం. మూత ఎందుకు లేదని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

సర్క్యులర్ మిషన్ దగ్గర ఏం జరుగుతుందో మీ ఆయనకు నేను చెప్పేదేమీ లేదు, మీకు చెప్తాను. బల్ల మధ్య సందులోంచి పళ్ల చక్రం పైకి వచ్చి తిరుగుతుంటుంది. చెక్కను రెండు చేతులతో దాని మీదికి తోస్తారు. పచ్చి కర్రలో, వంకరగా పెరిగిన కర్రలో లోపల బిగువు ఉంటుంది. కోస్తుండగానే ఆ సందు మూసుకొచ్చి బ్లేడును పట్టేస్తుంది. అప్పుడు చెక్క ఎగిరి మనిషి మీదికి తంతుంది. బలంగా తోస్తున్న చెయ్యి మాత్రం ముందుకే పోతుంది. ముందు ఉన్నది బ్లేడు. ఇదంతా జరగడానికి రెప్పపాటు చాలు. ఇంకొన్నిసార్లు మిషన్ ఆపాక వేళ్లు పోతాయి. స్విచ్ ఆపితే చప్పుడు తగ్గుతుంది గాని బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆగిందనుకొని ఇరుక్కున్న ముక్కను చేత్తో తీయబోతారు.

వీటన్నిటికీ విరుగుడు ఎప్పటి నుంచో ఉంది. బ్లేడు వెనకాల నిలబెట్టే సన్నటి ఇనుప రేకు ఒకటి, కోసిన సందు మూసుకోకుండా చూస్తుంది. బ్లేడు మీద మూత. చివరి జానెడు చెక్కను చేత్తో కాకుండా తోయడానికి ఒక మూరెడు కర్ర. ఈ మూడూ ఉన్నచోట పరధ్యానానికి చెక్క పాడవుతుంది, వేలు మిగులుతుంది. పొద్దంతా అదే పని, చెవులు గింగురుమనే మోత, అన్నం తిన్నాక వచ్చే మగత. అందులో ఒక్క క్షణం కూడా మనసు పక్కకు పోని మనిషి ఎవరూ ఉండరు. పోతుందని తెలిసే మూత కనిపెట్టారు.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూడండి. 1923లో వచ్చి, మీ ప్రమాదం నాటికి అమల్లో ఉన్న ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం, పనిలో ఉండగా, ఆ పని వల్ల ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇవ్వాలి. కార్మికుడు పరధ్యానంగా ఉన్నాడా, జాగ్రత్తగా ఉన్నాడా అని అది అడగదు. యజమాని తప్పించుకునే దారులు మూడే. ఒకటి, ప్రమాదం జరిగినప్పుడు కార్మికుడు తాగి గానీ మత్తులో గానీ ఉండటం. రెండు, భద్రత కోసం స్పష్టంగా పెట్టిన నియమాన్ని కావాలని ధిక్కరించడం. మూడు, రక్షణ కోసం బిగించిన మూత లాంటి దాన్ని కావాలని తీసేయడం. ఈ మూడోది గుర్తు పెట్టుకోండి. "మూత ఉండేది, వీడే పీకేశాడు" అనే మాట రేపు రావచ్చు. అందుకే మీ ఆయన మళ్లీ పనికి వెళ్తున్నాడు కాబట్టి, ఆ మిషన్ ఇప్పుడున్నది ఉన్నట్టుగా ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసుకోమనండి. మూత ఎప్పటి నుంచి లేదో తోటివాళ్లకు తెలిసే ఉంటుంది.

ఆరుగురే పనిచేసే చోటు గదా అని మీకు అనుమానం రావచ్చు. మీ ప్రమాదం నాటి చట్టాల్లో, ఈఎస్ఐ అనే కార్మికుల బీమాకు పది మంది ఉండాలి. కరెంటుతో నడిచే చోట ఫ్యాక్టరీల చట్టానికి కూడా అప్పుడు పది మంది ఉండాలి. కరెంటు మిషన్లతో పని నడిచే చోట నష్టపరిహార చట్టానికి ఆ సంఖ్యతో పని లేదు.

ఇక లెక్క. వేలి వేలికీ చట్టంలో ఒక పట్టిక ఉంది. చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది గాని, కార్మికుడికి అదే ఆసరా. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం. మధ్య వేలు ఒక కణుపు పోతే 7 శాతం. మీ ఆయనకు రెండూ కలిపితే 21 శాతం. రోజుకు 700 చొప్పున నెలకు 26 రోజులు వేసుకున్నా 18,200 అవుతుంది. కానీ ఈ లెక్కకు నెల జీతం 15 వేల దాకానే తీసుకుంటారు. 2020 జనవరి నుంచి ఆ హద్దు ఉంది. 15 వేలలో 60 శాతం, అంటే 9 వేలు. వయసును బట్టి ఒక గుణకం ఉంటుంది, 40 ఏళ్లకు అది 184.17. రెండూ గుణిస్తే 16,57,530. అందులో 21 శాతం అంటే 3,48,081 రూపాయలు.

మరోసారి చూసుకోండి. చట్టం లెక్కలో 3 లక్షల 48 వేలు. బాండ్ పేపర్ మీద 30 వేలు.

దవాఖాన బిల్లు సేటు కట్టాడు కదా, అది ఇందులో తీసేయాలా అంటే, తీసేయకూడదు. వైద్యానికి పెట్టిన ఖర్చు పరిహారం కింద లెక్కకు రాదని చట్టంలోనే రాసి ఉంది. పైగా వైద్యానికి అయిన అసలు ఖర్చు యజమానే భరించాలని 2009లో సవరణ చేశారు. అంటే ఆయన కట్టింది కట్టవలసిందే. చెయ్యి మానేదాకా ఇంట్లో ఉన్న కాలానికి పదిహేను రోజులకోసారి నెల జీతంలో నాలుగో వంతు ఇవ్వాలని కూడా ఉంది. ఆ రెండు నెలల్లో మీకు ఏమైనా ఇచ్చాడా, ఇస్తే ఎంత, రాసి పెట్టుకోండి. పరిహారం కింద ముందే ఇచ్చిన డబ్బయితే దాన్ని మినహాయిస్తారు. బాకీ పడ్డ నెలలోపు పరిహారం చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. మీ లెక్కలో అది ఏడాదికి 41 వేలకు పైనే. సరైన కారణం లేకుండా ఎగ్గొడితే అసలులో సగం దాకా జరిమానా కూడా వేయవచ్చు.

ఇది కనీస లెక్కగానే చూడండి. 1975లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వడ్రంగి కేసు వచ్చింది. సినిమా హాల్లో అలంకరణ పని చేస్తూ పడిపోయి ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. ఒంటి చేత్తో వడ్రంగి పని చేయలేడు కాబట్టి అతని సంపాదన శక్తి నూటికి నూరు శాతం పోయినట్టేనని కోర్టు అంది. పరిహారం బాకీ ప్రమాదం జరిగిన రోజు నుంచే మొదలవుతుందని కూడా అంది. మీ ఆయన ఆ చేత్తో దుంగను అదిమి పట్టుకోగలడో లేదో డాక్టరు రాసిస్తే, ఆ కాగితం కూడా దాచిపెట్టండి.

బాండ్ పేపర్ మీద సంతకం పెడితే అంతా అయిపోయినట్టేనా? పరిహారం హక్కును వదులుకుంటున్నానని రాసిచ్చిన ఒప్పందం చెల్లదని చట్టంలో 17వ సెక్షన్ చెబుతుంది. రాజీ చేసుకోవచ్చు, తప్పు లేదు. కానీ అది లేబర్ ఆఫీసులో నష్టపరిహార కమిషనర్ దగ్గర నమోదు కావాలి. మొత్తం మరీ తక్కువగా ఉంటే ఆయన నమోదుకు ఒప్పుకోకపోవచ్చు. అయితే చెల్లదు గదా అని సంతకం పెట్టేయకండి. ఒకసారి సంతకం పడ్డాక, "ఇష్టపడే తీసుకున్నాడు" అన్న మాటతో నెలల తరబడి తిప్పుతారు.

గడువు రెండేళ్లు. మీది 2025 ఆగస్టు కాబట్టి 2027 ఆగస్టు లోపు దరఖాస్తు పడాలి. కానీ అప్పటిదాకా ఆగితే తోటివాళ్లు పనులు మారతారు, కాగితాలు చెల్లాచెదురవుతాయి. ఇంకో విషయం. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఈ నష్టపరిహార చట్టాన్ని సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు. మీ ప్రమాదం అంతకు ముందుది కాబట్టి నేను పాత చట్టం లెక్కే చెప్పాను. "ఆ చట్టం ఇప్పుడు లేదు" అని ఎవరైనా అంటే కంగారు పడకండి, మీ హక్కు ప్రమాదం జరిగిన రోజే పుట్టింది.

కేసులంటే భయమన్నారు. ఇందులో పోలీస్ స్టేషన్ మెట్లెక్కే పని లేదు, సేటును జైలుకు పంపే పనీ లేదు. మీ జిల్లా కార్మిక శాఖ ఆఫీసులో నష్టపరిహారం కోసం దరఖాస్తు పెట్టుకోవడం, అంతే. దానికి ముందు సేటుకు ఒక ఉత్తరం రాయండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏ మిషన్ మీద, ఏ వేళ్లు పోయాయి, ఏ దవాఖానలో చేర్చారు. అరపేజీ చాలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. దవాఖాన డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, వయసు కోసం ఆధార్ ఒక కవర్లో పెట్టండి. కూలికి కాగితం లేదని దిగులు పడొద్దు. వారం వారం ఫోన్‌పేలో పడ్డ డబ్బు ఉంటే అదే సాక్ష్యం, ఆ స్టేట్‌మెంట్ తీయించండి. వకీలు ఫీజు గురించి కూడా దిగులు వద్దు. కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

పని పోతుందేమోనన్న భయం మాత్రం ఉత్త భయం కాదు, నాకు తెలుసు. అందుకే మొదటి అడుగుగా మీరిద్దరూ వెళ్లి ఈ లెక్క సేటు ముందు పెట్టండి. "మీరు దవాఖానలో చూపించారు, ఆ మేలు మరిచిపోం. ఇది చట్టం చెప్పిన లెక్క, లేబర్ ఆఫీసులోనే కూర్చొని రాసుకుందాం" అనండి. ఇలాంటి ప్రమాదాల కోసం కొందరు యజమానులు బీమా చేయించుకుని ఉంటారు. ఆయనకు ఆ పాలసీ ఉంటే డబ్బు కంపెనీ ఇస్తుంది, ఆయన జేబులోంచి పోదు. ఉందో లేదో తప్పకుండా అడగండి. లేకపోతే, ఒప్పుకోకపోతే, అప్పుడు దరఖాస్తు.

ఇక దగ్గు. మీరు ఉత్తరంలో దీనికి నాలుగు ముక్కలే రాశారు. నాకైతే వేళ్ల కన్నా దీని మీదే ఎక్కువ గుబులుగా ఉంది. వేళ్లు పోయింది ఒక్కసారి. ఊపిరి రోజూ కొంచెం కొంచెం పోతోంది.

ఇంట్లో ఉన్న రెండు నెలలు దగ్గు లేకపోవడం, పనికి పోయిన వారానికే తిరిగి రావడం. ఈ ఒక్క వాక్యం డాక్టరుకు చెప్తే సగం పరీక్ష అయినట్టే. పని వల్ల వచ్చే ఆస్తమా లక్షణం సరిగ్గా ఇదే. సెలవు రోజుల్లో తగ్గుతుంది, పని రోజుల్లో పెరుగుతుంది, రాత్రుళ్లు నిద్ర పోనివ్వదు. మన దగ్గర దగ్గు అనగానే మెడికల్ షాపులో సిరప్, అది తగ్గకపోతే టీబీ అన్న అనుమానం. మా బాపు సంగతి అంతే అయింది. అమ్మ వాకిట్లోనే నిలబెట్టి తువ్వాలతో ఆయన వీపు దులిపేది. ఎండలో ఆ పొట్టు బంగారు రంగులో లేచేది, మేం పిల్లలం దాన్ని పట్టుకోవాలని ఎగిరేవాళ్లం. అది ఆయన లోపలికి కూడా అట్లాగే పోతోందని ఎవరికి తెలుసు? టీబీ పరీక్షలు చేయించాం, లేదన్నారు. లేదన్నారు గదా అని ఊరుకున్నాం. అక్కడే పొరపాటు చేశాం.

మీరు ఆ పొరపాటు చెయ్యొద్దు. రెండు వారాలు మించిన దగ్గు కాబట్టి సర్కారు దవాఖానలో కఫం పరీక్ష ముందు చేయించండి, డబ్బులు అక్కర్లేదు. టీబీ లేదంటే అక్కడితో ఆగకుండా ఎంజీఎం లాంటి పెద్ద దవాఖానలో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించండి. గొట్టంలోకి గట్టిగా ఊదించి చేసే స్పైరోమెట్రీ పరీక్ష ఉంటుంది. పీక్ ఫ్లో మీటర్ అని చేత్తో పట్టుకొని ఊదే చిన్న పరికరం మందుల షాపుల్లో దొరుకుతుంది. దాంతో రోజుకు నాలుగుసార్లు, నాలుగు వారాల పాటు, పనికి పోయిన రోజూ పోని రోజూ ఊది ఆ అంకె నోటుబుక్కులో రాయమనండి. పని రోజుల్లో అంకె పడిపోయి, సెలవుల్లో లేస్తుంటే డాక్టరుకు అది గట్టి ఆధారం. ఆయనకు బీడీ అలవాటు ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి.

ఎందుకింత చెప్తున్నానంటే, ఈ రకం ఆస్తమాలో ఒకసారి ఒంటికి ఆ కర్ర దుమ్ము సరిపడకుండా అయ్యాక, తర్వాత కొంచెం తగిలినా చాలు దగ్గు లేస్తుంది. ఎంత తొందరగా దుమ్ముకు దూరమైతే కోలుకునే అవకాశం అంత ఎక్కువ. ఇన్‌హేలర్ వాడుతూ అదే దుమ్ములో నిలబడితే రోగం లోపల ముదురుతూనే ఉంటుంది.

అన్ని కర్రలూ ఒకటి కాదు. టేకు, జిట్రేగి దుమ్ముకు కొందరికి చర్మం దద్దుర్లు లేచి దురద పెడుతుంది. వానాకాలంలో తడిసి బూజు పట్టిన పొట్టు, బెరడు గుట్టలు కదిలిస్తే ఇంకో రకం జబ్బు వస్తుంది. పొద్దున ఆ పని చేస్తే సాయంత్రానికి చలిజ్వరం, ఆయాసం. మలేరియా అనుకుంటారు. పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో ఈ రకం ఊపిరితిత్తుల జబ్బు చట్టంలో ఉంది, మోత వల్ల వచ్చే చెవుడు కూడా ఉంది. మీ ఆయన టీవీ సౌండు బాగా పెంచుతుంటే చెవులు కూడా చూపించండి.

ఇంకొకటి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెప్తేనే మంచిది. ఇంగ్లండ్‌లో హై వికమ్ అని కుర్చీల తయారీకి పేరున్న ఊరు ఉంది. అక్కడి వడ్రంగుల్లో ముక్కు లోపలి క్యాన్సర్ మామూలు జనంలో కన్నా చాలా ఎక్కువగా ఉందని 1960లలో డాక్టర్లు గమనించారు. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ కర్ర దుమ్మును క్యాన్సర్ కారకమని తేల్చింది. ఇది అరుదైన జబ్బు, దుమ్ములో దశాబ్దాలు గడిపాక కనిపించేది. మీ ఆయనకు ఉందని నేను అనడం లేదు. ఒకే పక్క ముక్కు ఎప్పుడూ మూసుకుపోవడం, ఆ పక్క నుంచే మాటిమాటికీ రక్తం రావడం ఉంటే మాత్రం చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించాలని తెలిసి ఉండాలి, అంతే.

సామిల్లులో చేతికందే జాగ్రత్తలు ఉన్నాయి. ముఖానికి కట్టే దస్తీ పెద్ద పొట్టును ఆపుతుంది, రోగం తెచ్చే సన్న దుమ్మును ఆపదు. రేకుల సందులోంచి ఎండ పడ్డప్పుడు గీతలా మెరిసేది ఆ సన్న దుమ్మే. దానికి ఎన్95 మాస్కు కావాలి, ముక్కు దగ్గర ఖాళీ లేకుండా అతుక్కోవాలి. గాలి పైపుతో ఒంటి మీద, బల్ల మీద దుమ్మును ఊదడం చాలామంది చేస్తారు, అది మానేయాలి. కింద నీళ్లు చిలకరించి ఊడ్వాలి. బ్లేడు దగ్గరే దుమ్మును పీల్చేసే పైపు, ఫ్యాను పెట్టించడం అసలు మందు, అది సేటు చేయవలసింది. చేతికి కట్టిన ఎర్రదారం, భుజం మీది తువ్వాల, వదులు చొక్కా చేతులు మిషన్ దగ్గర ఉండకూడదు. చేతులకు గ్లౌజులు వేసుకుంటే మంచిదనుకుంటారు, తిరిగే బ్లేడు దగ్గర అవే చేతిని లోపలికి లాగుతాయి.

ఇది చదివే మిగతా సామిల్లు, ఫర్నిచర్ షాపు వాళ్ల కోసం ఒక మాట. వేలు తెగి పడితే పారేయకండి. శుభ్రమైన గుడ్డను నీళ్లతో తడిపి పిండి, అందులో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి గట్టిగా మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు వేసిన నీళ్లలో ఉంచండి. వేలు నేరుగా ఐసుకు తగిలితే చచ్చుపడుతుంది. గాయం మీద గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకొని, అతికించే సర్జరీ ఉన్న దవాఖానకు నేరుగా పోండి. చల్లగా ఉంచిన వేలికి గంటల వ్యవధి ఉంటుంది. పసుపు, కాఫీ పొడి అద్దితే ఆ అవకాశం కూడా పోతుంది.

అడవి పనికి పోయేవాళ్లు కూడా నాకు రాస్తుంటారు. చెట్లు కొట్టే పని, అడవి మంటలు ఆర్పే పని కూడా ఈ పరిహారం కిందికే వస్తాయి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలివానకు వేల చెట్లు ఒక్కసారిగా కూలాయి కదా, అట్లా ఒకదాని మీద ఒకటి పడ్డ చెట్లను కోయడం నిలబడ్డ చెట్టును కొట్టడం కన్నా ప్రమాదం. వంగి బిగిసి ఉన్న కొమ్మ రంపం తగలగానే విల్లులా లేస్తుంది. అనుభవం లేని వాళ్లను అక్కడికి పంపకూడదు.

చెల్లెమ్మా, ఇప్పుడు మీ బాబు. పంపకండి. తోడు అంటే మొదట చెక్కలు అందివ్వడం, వారానికి బల్ల అవతల చెక్క లాగడం, నెలకు బ్లేడు ముందు నిలబడటం. 18 నిండని పిల్లల్ని సరైన శిక్షణ, పర్యవేక్షణ లేకుండా ప్రమాదకరమైన మిషన్ మీద పెట్టకూడదని పాత ఫ్యాక్టరీల చట్టం పెద్ద ఫ్యాక్టరీలకే చెప్పింది. మూత లేని చిన్న షెడ్డులో ఆ మాట ఇంకా ఎక్కువ పాటించాలి కదా. సేటు మొహమాటపెడితే "వాడికి పరీక్షలున్నాయి" అని మీరే చెప్పండి, ఆయనతో చెప్పించకండి. తండ్రి నోటితో కాదనడం కష్టం.

మీ ఆయన కూడా బ్లేడు పని నుంచి పక్కకు జరగాలి. 16 ఏళ్లు కర్ర కోసిన మనిషికి ఏ దుంగ ఏ జాతిదో, ఎన్ని అడుగులు వస్తుందో చూపుతోనే తెలుస్తుంది. బయటి యార్డులో దుంగలు కొలవడం, సైజులు వేరు చేయడం, లెక్క రాయడం లాంటి పని గాలి ఆడేచోట ఉంటుంది. అదే మిల్లులో కాకపోయినా ఏదైనా డిపోలో అడగవచ్చు. కూలి కొంత తగ్గవచ్చు. పరిహారం డబ్బు చేతికొస్తే ఆ తగ్గినంత కాలం ఇల్లు నడుస్తుంది. తగ్గిన కూలికి ఆసరా కావాలనే ఆ డబ్బు పెట్టారు.

బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంటుంది, మీరిద్దరూ తీసుకోండి. అందులో చెయ్యి పూర్తిగా పోతే వస్తుంది గాని వేళ్లకు రాదు, కాబట్టి ఈ ప్రమాదానికి దాన్ని నమ్ముకోకండి.

సేటుతో మాట్లాడాక, సోమవారం లేబర్ ఆఫీసుకు మీరిద్దరూ కలిసి వెళ్లండి. మిషన్ ఫోటోలు, డిశ్చార్జి కాగితం, ఫోన్‌పే స్టేట్‌మెంట్ ఒక కవర్లో ఉండాలి. ప్రతిదానికీ రెండు జిరాక్సులు తీసుకోండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. అక్కడ ఏమన్నారో, మీ ఆయన పీక్ ఫ్లో అంకెలు ఎట్లా ఉన్నాయో నాకు మళ్లీ రాయండి.